రూపాయి చిహ్నము: లినక్సునందు దాని లేఖనము, ప్రదర్శనము

ప్రాచీన లేఖ్యములను పరిష్కరించి ప్రకటించువారికి పాఠభేదములు కొత్తవి కావు. లేఖకుని ప్రమాదమువలన నొక యక్షరము జాఱుటయు, పురుగు తొలిచిన చోటును పరిష్కర్త యూహతో పూరించుటయు అందఱు నెఱిగినవే. కాని లేఖకుడు పొరబడకయే, పురుగు తొలువకయే, ఒక ఋణము మొత్తము దానంతట నది మూడింతలైన యుదంతము మాకు ఎదురైనది. దాని కారణమును వెదకుచు పోగా, రూపాయి చిహ్నము కంప్యూటరులో నెట్లు నిలువయగునో, తెరపై నెట్లు కనబడునో, దానిని వ్రాయుట యెట్లో ఆమూలాగ్రముగా తెలిసికొనవలసి వచ్చినది. తెలిసికొన్న దానిని తెలుగు పరిశోధకులకు పనికివచ్చు మేరకు ఇట వివరింతుము. మా శాఖలోను, మా విద్యార్థుల యిండ్లలోను లినక్సు వాడుకలో నున్నది కావున ఆ వ్యవస్థనే యుదాహరణముగా గైకొంటిమి.

మదనపల్లెకు చేరువనున్న బి.కొత్తకోటలో మా విద్యార్థి యొకడు ఒక పాత యంగడి చిట్టా ఆవర్జాలను సంపాదించెను. (ఊరి పేరులోని 'బి.' యనునది బీరంగికి సంక్షేపము.) అవి అణా పైసల నాటివి. వానిని తన లినక్సు కంప్యూటరులో నెక్కించి, పరిశీలకుల సౌకర్యమునకై పద్దు సంఖ్యయు మొత్తమును మాత్రముండు పట్టిక నొకదానిని వేఱు ఫైలుగా కూర్చెను. మూలమున 'రు॥' అని యున్న చోట్ల నెల్ల, ఆధునికముగా నుండునని, ₹ చిహ్నమును నిలిపెను. ఆ ఫైలు ఒక ముద్రణాలయమునకు పోయి ప్రూఫుగా తిరిగివచ్చినది. అచ్చు శుభ్రముగా నున్నది. అంకెలన్నియు తీరుగా నిలిచినవి. మేమును తృప్తిపడి, మర్యాదగా నుండునని, ఆ పుస్తకములు గల యింటి పెద్దకు దానిని చూపితిమి.

ఆయన వ్రేలితో వరుసలను తడవుచు ఒక చోట నాగి, "అయ్యవారూ, మా తాత ఇచ్చింది ఐదునూర్లు. మీ కాగితంలో వెయ్యిన్నైదునూర్లు ఎట్లాయ? బాకీపడినోళ్ల మనవళ్లు ఇంకా ఈ ఊర్లోనే ఉండారు" అనెను. చూతుము గదా, నలువది నూటనలువది యైనది, ఐదువందలు పదునైదువందలైనది, ప్రతి మొత్తమునకు ముందును ఒక 1 చేరియున్నది. ఆ పట్టిక యట్లే ప్రకటింపబడి యుండినచో, పరిశోధన పేరున ఒక యూరిలోని కుటుంబముల నడుమ లేని బాకీలను సృష్టించినవారమై యుందుము. ఈ 1 ఎక్కడనుండి వచ్చినదను ప్రశ్నకు సమాధానము చెప్పుటయే యీ వ్యాసమునకు ప్రయోజనము.

చిహ్నమునకు పూర్వోత్తరములు

తెలుగు లేఖ్యములలో రూపాయికి ప్రత్యేకమైన చిత్రము వాడుకలో లేకుండెను. 'రు' లేక 'రూ' అను తొలి యక్షరమును వ్రాసి దాని ప్రక్క రెండు నిలువుగీతలనో, ఒక చుక్కనో యుంచుట యాచారము. శ్రీ॥, చి॥ మొదలగు సంక్షేపముల వరుసలోనిదే రు॥ అనునదియు. పుస్తకముపై వెల రు. 2-8-0 అని యున్నచో రెండు రూపాయల యెనిమిదణాలని పాఠకుడు తడువుకొనక చదివెడివాడు. 1957 ఏప్రిల్ 1వ తేదీన దశాంశ నాణెపద్ధతి యమలులోనికి వచ్చిన పిదప అణాల గడి పోయినది గాని 'రు.' మాత్రము నిలిచినది.

2009 మార్చిలో భారత ప్రభుత్వము రూపాయికి తగిన చిహ్నమును రచింపుడని పోటీ నొకదానిని ప్రకటించెను. తుదకు మిగిలిన యైదు నమూనాలలో డి. ఉదయకుమార్ రచించిన దానిని కేంద్ర మంత్రివర్గము 2010 జూలై 15వ తేదీన నంగీకరించినది. బొంబాయి ఐ.ఐ.టి.లో పరిశోధన చేసిన ఉదయకుమార్ యీ రూపమున దేవనాగరి రకారమును, రోమను లిపిలోని 'ఆర్' అక్షరమును ఏకము చేసెను. 2011లో నాణెములపైనను, 2012లో నోట్లపైనను ఆ చిహ్నము వెలసినది.

లోహముపై ముద్రవేయుటకు అచ్చుదిమ్మె యుండిన చాలును. కంప్యూటరునకు అది చాలదు. అందు ప్రతి యక్షరమునకును సర్వసమ్మతమైన యొక సంఖ్య యుండవలెను. ఆ సంఖ్యల నిర్ణయించు పట్టికకే యూనికోడు అని పేరు. ₹ చిహ్నమునకు స్థానము కల్పించిన యూనికోడు 6.0 సంచిక 2010 అక్టోబరు 11వ తేదీన వెలువడినది. విశేషమేమనగా, లినక్సు పంపిణీలలో ప్రసిద్ధమైన ఉబుంటు తన 10.10 సంచికను అంతకు ముందురోజుననే విడుదలచేసినది. దానితో వచ్చిన ఉబుంటు ఫాంటునందు ఈ చిహ్నమప్పటికే చేరియుండెను. మంత్రివర్గ నిర్ణయము జరిగి మూడు నెలలు నిండక మునుపే, స్వచ్ఛందముగా పనిచేయువారి శ్రమవలన, చిహ్నము తెరపైకి వచ్చినదన్నమాట.

సంఖ్య వేఱు, రూపము వేఱు

ఈ నడిమి మూడు నెలలలో జరిగిన యొక సంగతి మన విషయమును చక్కగా స్పష్టపఱచును. చిహ్నము ప్రకటింపబడిన కొలది దినములలోనే మంగళూరునకు చెందిన ఫొరేడియన్ అను సంస్థ యొక ఫాంటును పంచిపెట్టినది. కీబోర్డుపై 1 అంకెకు ఎడమప్రక్కనుండు వాలుగీత మీటను నొక్కినచో ఆ ఫాంటునందు రూపాయి చిహ్నము కనబడెడిది. అప్పటికి సంఖ్య నిర్ణయము కాలేదు కావున అది తాత్కాలికమైన యుపాయము. కాని ఫైలులో నిలిచినది రూపాయి కాదు, వాలుగీతయే. ఫాంటు లేని యంత్రమునకు ఆ ఫైలు పోయినచో రూపాయి మాయమై వాలుగీత మిగులును.

తెలుగువారికి ఈ యనుభవము కొత్తది కాదు. దశాబ్దములపాటు తెలుగు ముద్రణమున రాజ్యమేలిన అను ఫాంట్ల మార్గమును ఇదియే. రోమను అక్షరముల సంఖ్యలకు తెలుగు బొమ్మలను తొడిగి అచ్చు కూర్చెడివారు. కాగితముపై తెలుగు అందముగా నుండెడిది. ఫాంటు తొలగినంతనే అర్థము లేని రోమను అక్షరముల కుప్ప మిగిలెడిది. ఆనాడు కూర్చిన సంచికలలో ఒక మాటను వెదకబూనిన పరిశోధకులెల్లరు నీ కష్టమును చవిచూచినవారే. కావున, ఫైలులో నుండునది సంఖ్య, తెరపై కనబడునది రూపము, ఈ రెంటిని కలుపునది ఫాంటు అని గుర్తింపవలెను. రూపమును చూచి సంఖ్యను నమ్మరాదు.

₹ చిహ్నమునకు యూనికోడు ఇచ్చిన సంఖ్య 8377. షోడశాంశ గణనములో దీనినే 20బి9 అని వ్రాయుదురు. దీనికి పూర్వమే యూనికోడునందు మఱియొక రూపాయి గుర్తుండెను. రోమను 'ఆర్', 'ఎస్' అక్షరములు జంటగా నుండు ఆ గుర్తు సంఖ్య 20ఎ8. రెండును వేఱువేఱు గుర్తులు. ఒకదానిని వెదకినచో సామాన్యముగా రెండవది దొరకదు.

కొత్తకోట పద్దులలోని ఒకటి

8377 అను సంఖ్యను కంప్యూటరు నేరుగా దాచుకొనజాలదు. అది దాచుకొను గడికి బైటు అని పేరు. ఒక్కొక్క బైటులో 0 మొదలు 255 వఱకు మాత్రమే పట్టును. కావున పెద్ద సంఖ్యలను ముక్కలుచేసి పలు బైట్లలో నుంచవలెను. లినక్సులో సర్వత్ర వాడుకలో నున్న విభాగపద్ధతి యూటీఎఫ్-8 అనునది. దీనిని 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అను నిరువురు బెల్ ప్రయోగశాలలో రూపొందించిరి. 1969లో యూనిక్సు పుట్టినదియు నా ప్రయోగశాలలోనే. యూనిక్సు మార్గమునే యనుసరించి ఫిన్లండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్సు 1991లో లినక్సును ప్రారంభించెను.

ఈ పద్ధతిలో మన చిహ్నమునకు మూడు బైట్లు కావలెను. సంఖ్యను అఱువదినాలుగు చొప్పున భాగించుటయే యిందలి కీలకము. పాత లెక్కలలో రూపాయికి అఱువదినాలుగు పైసలు కావున మన పూర్వులకీ భాగహారము చిరపరిచితమే. 8377లో 4096లు రెండు, మిగిలినదానిలో 64లు రెండు, తుదకు మిగులునది 57. మొదటిదానికి 224ను, తక్కిన రెంటికి 128 చొప్పునను కలుపగా 226, 130, 185 అను మూడు బైట్లు వచ్చును. యూటీఎఫ్-8 నెఱిగిన యంత్రము ఈ మూటిని కలిపి చదివి ₹ చిహ్నమును చూపును.

యూటీఎఫ్-8 ప్రచారమునకు రాకమునుపు పాశ్చాత్య దేశములలో ఒక్కొక్క బైటు నొక్కొక్క యక్షరముగా చదువు పట్టికలు వాడుకలో నుండెను. ముద్రణాలయములలోని పాత కూర్పు సాధనములు కొన్ని నేటికిని అట్లే చదువును. ఆ పట్టికలో 226 అనగా నెత్తిన టోపీవంటి గుర్తు గల రోమను 'ఎ' అక్షరము. 130 అనగా కామావంటి యొక చిన్న గుర్తు. 185 అనగా వరుసకు పైకెత్తి వ్రాసిన ఒకటి, అనగా ¹. ఇదియే మా పట్టికలో చేరిన ఒకటి!

జరిగినదిట్లు. మా విద్యార్థి ₹500 అని వ్రాసెను. కూర్పు యంత్రము ఒక టోపీ యక్షరమును, ఒక కామాను, పైకెత్తిన ఒకటిని, దాని వెనుక 500ను చూపినది. కూర్పరి మొదటి రెంటిని చెత్తగా నెంచి తుడిచివేసెను. ఒకటిని చూచి, అంకెయే గదా, వరుస తప్పినదని క్రిందికి దింపెను. అతని తప్పేమియు లేదు. కంటికి కనబడినదానిని అతడు చక్కదిద్దెను.

ఇట గమనింపదగిన సూక్ష్మమొకటి కలదు. 0 మొదలు 9 వఱకు గల అంకెలు ఒక్కొక్క బైటు మాత్రమే. వాని సంఖ్యలు పాత పట్టికలోను యూటీఎఫ్-8లోను ఒక్కటే. తెలుగు అక్షరములన్నియు మూడేసి బైట్లవి. కావున ఫైలులో తెలుగు మాటలుండినచో పుట యంతయు చెదరి, చూచినవాడు వెంటనే యనుమానించును. మా పట్టికలో అంకెలు మాత్రమే యుండుటచే అవి చెక్కుచెదరక నిలిచి, చిహ్నమొక్కటే విఱిగినది. పుట బాగుగా కనబడినందుననే ప్రమాదము దాగినది.

ఇట్టి యనుమానము కలిగినప్పుడు లినక్సులో 'ఓడి' యను పాత యూనిక్సు ఉపకరణముతో ఫైలులోని బైట్లను సంఖ్యలుగా చూడవచ్చును. 226, 130, 185 వరుసగా నున్నచో ఫైలు నిర్దోషము, దోషము చదువు యంత్రమునది. చెదరిన ఫైలును ఎవరును చేతితో దిద్దకున్నచో 'ఐకాన్వ్' అను నుపకరణముతో మరల యథాస్థితికి తేవచ్చును. దిద్దిన పిదప తేలేము. ఏ ఒకటి మొత్తములోనిదో, ఏ ఒకటి విఱిగిన చిహ్నము తునుకయో తెలియదు గదా.

కనబడు విధము

ఫైలు సరిగానే యుండియు తెరపై చిహ్నమునకు బదులు ఒక చిన్న ఖాళీ పెట్టె కనబడుట మఱియొక యవస్థ. ఇది ఫాంటు లోపము. సంఖ్య యున్నది, దానికి తగిన బొమ్మ ఏ ఫాంటులోను లేదని యర్థము. లినక్సులో ఫాంట్ల పెత్తనము ఫాంట్‌కాన్ఫిగ్ అను భాగమునది. మనము కోరిన ఫాంటులో నొక గుర్తు లేనిచో అది తక్కిన ఫాంట్లలో వెదకి తెచ్చిపెట్టును. తెలుగు ఫాంటు నడుమ రూపాయి చిహ్నమొక్కటే బక్కచిక్కియో, లావుగానో కనబడుటకు కారణమిదియే. అది యెరువు తెచ్చిన బొమ్మ. 'ఎఫ్‌సి-లిస్ట్' అను నాజ్ఞకు 20బి9 అను సంఖ్య నిచ్చి యడిగినచో మన యంత్రమున ఆ చిహ్నము గల ఫాంట్ల పేర్లన్నియు నేకరువు పెట్టును. ఒక్కటియు లేనిచో కొత్త ఫాంటును తెచ్చుకొనిన చాలును, ఫైలును తాకనక్కఱలేదు.

కిటికీలు లేని నల్లని అక్షరపు తెర సంగతి వేఱు. లినక్సు మూలమున నుండు ఆ తెర యొక్కసారికి 256 లేక 512 బొమ్మలకు మించి యుంచుకొనజాలదు. అందు రూపాయి చిహ్నము కనబడకున్నను వెఱవ బనిలేదు. తెలుగు గుణింతములను, ఒత్తులను కూర్చు శక్తియు దానికి లేదు.

లోకేలు అను నొక యమరిక సంగతియు తెలియవలెను. యంత్రమునకు భాషను, దేశమును ఎఱిగించునది లోకేలు. తెలుగును, భారతదేశమును, యూటీఎఫ్-8ను నిర్దేశించినచో ద్రవ్యచిహ్నము ₹ అనియు, అంకెలను మొదట మూడు, ఆపై రెండు చొప్పున విడదీయవలెననియు యంత్రము గ్రహించును. లక్ష యనునది 1,00,000 అని సరిగా పడును. ఏ భాషయు నిర్దేశింపని ప్రాథమిక స్థితిలో నుంచినచో కొన్ని యుపకరణములు రూపాయికి బదులు ప్రశ్నార్థకమును చూపును.

వ్రాయు విధములు

ఇక వ్రాయుటకు మార్గములు నాలుగు.

మొదటిది, నిత్యము వ్రాయువారికి మేలైనది. కీబోర్డు అమరికలలో 'ఇంగ్లీషు (ఇండియా, రూపాయితో)' అనుదానిని ఎన్నుకొనవలెను. తక్కిన మీటలన్నియు మామూలుగానే యుండును. కుడిప్రక్కనున్న ఆల్టు మీటను నొక్కిపట్టి 4 అంకెను నొక్కినచో ₹ పడును. అమెరికా కీబోర్డులలో డాలరు గుర్తుండు మీటయు నిదియే కావున గుర్తుంచుకొనుట సులభము. వేఱొక యమరికను వదలలేనివారు 'రూపాయిసైన్:4' అను నైచ్ఛికమును దానికి చేర్చి, కుడి ఆల్టును మూడవ మెట్టు మీటగా నియమించుకొనిన చాలును.

రెండవది కంపోజు మీట. అమరికలలో అరుదుగా వాడు నొక మీటను కంపోజు మీటగా నియమింపవలెను. దానిని నొక్కి వదలి, పెద్ద 'ఆర్' అక్షరమును, తరువాత సమానచిహ్నమును నొక్కినచో ₹ వచ్చును. ఆర్ మీద రెండు గీతలు గీచినట్లు భావించినచో ఈ క్రమము మఱవు రాదు. ఇట్లే పెద్ద 'ఇ', సమానచిహ్నము కలిసి యూరో యగును.

మూడవది, ఏ యమరికయు చేయని యంత్రమున అక్కఱపడినప్పుడు. కంట్రోలు, షిఫ్టు మీటలను నొక్కిపట్టి 'యు'ను నొక్కవలెను. గీత గల యు తెరపై కనబడును. అప్పుడు రెండు, సున్న, బి, తొమ్మిది నొక్కి ఖాళీ మీట నొక్కినచో చిహ్నము పడును. గ్నోము రంగస్థలమున చాల ప్రోగ్రాములు దీనిని గ్రహించును, అన్నియు గ్రహింపవు.

నాలుగవది ఆయా రచనాసాధనముల సొంత మార్గము. విమ్ అను సాధనములో వ్రాయు స్థితియందు కంట్రోలుతో 'వి' నొక్కి, యు, 20బి9 అని కొట్టవలెను. ఈమాక్సులో కంట్రోలుతో 'ఎక్స్', పిదప 8, ఎంటరు నొక్కి యదే సంఖ్య నీయవలెను. మార్గములు నాలుగైనను ఫైలులో చేరు బైట్లు అవియే.

వీసములు, పరకలు

ఇంతవఱకు చెప్పినదంతయు రూపాయికే పరిమితమైనచో ఒక సాహిత్య పత్రికలో దీనికింత చోటు అక్కఱలేదు. కొత్తకోట ఆవర్జాలలో రు॥ ప్రక్కన మఱికొన్ని గుర్తులు కలవు. అవి తెలుగు భిన్నచిహ్నములు. ఒకటిని నాలుగు భాగములు చేసినచో కాలు, అర, ముక్కాలు. కాలును మరల నాలుగు చేసినచో వీసము, పరక, మువ్వీసము. మొదటి తెగను నిలువుగీతలతోను, రెండవ తెగను అడ్డగీతలతోను వ్రాయుదురు. రూపాయికి పదునాఱణాలు కావున వీసము ఒక అణా, పరక రెండణాలు. అర, వీసము కలసిన తొమ్మిదణాలు. ముక్కాలు, పరక కలసిన పదునాలుగణాలు. నాలుగేసి చొప్పున సాగు ఈ గణితమునకు అణాపైసల పద్ధతి చక్కగా నతికినది. భిన్నమునకు ప్రత్యేకముగా హళ్లి యను నొక సున్నయు కలదు. 'హళ్లికి హళ్లి, సున్నకు సున్న' యను లోకోక్తిలో నేడు పలుకుబడిగా మాత్రము మిగిలినది దాని పేరే.

ఈ చిహ్నములకు యూనికోడునందు స్థానము లభించినది రూపాయికంటె ముందే. నాగార్జున వెన్న సమర్పించిన ప్రతిపాదన ననుసరించి, 2008లో వెలువడిన 5.1 సంచికలో హళ్లి మొదలు మువ్వీసము వఱకు గల యేడు భిన్నచిహ్నములును, తూము గుర్తును తెలుగు పట్టిక చివర చేరినవి. వాని సంఖ్యలు 0సి78 మొదలు 0సి7ఎఫ్ వఱకు. పైని చెప్పిన మూడవ మార్గమున ఆయా సంఖ్యలను కొట్టి వీనిని వ్రాయవచ్చును. నోటో తెలుగు ఫాంటు వీనిని చూపును.

అయినను రెంటికిని గల తారతమ్యము చూడుడు. రూపాయి చిహ్నమునకు సంఖ్య, రూపము, మీట మూడును సమకూడినవి. దాని వెనుక ప్రభుత్వమున్నది, దినదినము వాడు జనమున్నది. వీసమునకు సంఖ్య వచ్చినది. రూపము కొన్ని ఫాంట్లలో నున్నది. నిత్యము వ్రాయుటకు మీట సంగతి యడుగువారే యరుదు. ముక్కాలిపీటకు మూడు కాళ్లును కావలెను. సంఖ్యను సాధించినంత మాత్రమున చిహ్నము బ్రదుకదు. దానిని వ్రాయువారు కావలెను. పాత లెక్కలను ఎక్కించు పని తెలుగు శాఖలది కావున ఆ వ్రాయువారు మనమే కావలసియున్నది.

పరిష్కర్తలకు

మా యనుభవమునుండి తేలిన నియమములు మూడు. మొదటిది, లేఖ్యమున లేని చిహ్నమును లేఖ్యమున నిలుపరాదు. 2010కి పూర్వపు పద్దులో ₹ ఉండుటకు వీలులేదు. రు॥ అని యున్నచో రు॥ అనియే యుంచవలెను. మా విద్యార్థి యట్లు చేసియుండినచో చెదరిన యక్షరములు తెలుగైయుండి ముద్రణాలయమే మమ్మడిగియుండును. పైగా నిలువుగీతలు సంక్షేపమునకు గుర్తో, అరకు గుర్తో సందర్భమునుబట్టి నిర్ణయింపవలసిన చోట్ల, రెంటిని తుడిచి ₹ పెట్టుట యర్ధరూపాయిని తుడిచిపెట్టుటయే కావచ్చును. రెండవది, ఫైలును పంపునపుడు అది యూటీఎఫ్-8 అని వ్రాతపూర్వకముగా తెలుపవలెను. మూడవది, అంకెల ప్రూఫును తెరతో గాక మూలముతోనే సరిచూడవలెను.

మూలము చేతనుండుటచే మా పట్టికను మరల కూర్చి, రు॥లను యథాస్థానమున నుంచి, కొత్త ప్రూఫును కొత్తకోటకు కొనిపోతిమి. ఆ పెద్దమనిషి యావర్జాను ఒడిలో నుంచుకొని రెంటిని వరుసవరుసగా పోల్చి చూచెను. ఆ పద్దు వచ్చినప్పుడు "ఐదునూర్లు. సరిపాయ" అని పుట త్రిప్పెను. అటుపై తక్కిన పుటలను గూడ చివరివఱకు సరిచూచిన పిమ్మటనే కాగితములను మా చేతికిచ్చెను.